పథ్యము చెప్పువాని బాధ్యత

ఒకనికి మేలు కోరి మనమొక మాట చెప్పితిమి. అతడు మనయందలి గౌరవముచే దానిని పాటించెను. ఆ మాట నిజము కాకపోవుటచే అతనికి కీడు కలిగెను. మనసున కీడు తలపలేదు గనుక మనము నిర్దోషులమా? లేక, నిజమో కాదో విచారింపక చెప్పుటయందే దోషమున్నదా? అన్నములో విషము కలిపినవాని పాపమును గూర్చి పెద్దలు చెప్పగా విన్నాము గాని, ప్రేమతో తప్పుడు పథ్యము పెట్టినవారిని గూర్చి చెప్పగా నేను వినలేదు. అయినను మొదటి రకమువారు లోకములో అరుదు. రెండవ రకమువారు ప్రతి ఇంటను ఉన్నారు.

మా నాయుడుపేటలో గాని, స్వర్ణముఖి కిరుదరులనున్న పల్లెలలో గాని కాన్పు జరిగిన ఇంటికి పోయినచో మొదట చెవిని బడు మాట ఇది: "నీళ్ళు తాగబాకమ్మా, పచ్చి బాలింతవి." త్రాగినచో పొట్ట పెరుగునట, ఒంటికి నీరు పట్టునట, బిడ్డకు జలుబు చేయునట. పప్పు తినిన చీము పట్టునట. పండ్లు చలువ చేయునట. ఆకుకూరలు తినిన బిడ్డకు పచ్చవిరేచనములగునట. ఇవన్నియు తీసివేయగా ఆ తల్లి పళ్ళెములో మిగులునది పాతబియ్యపు అన్నము, వెల్లుల్లి కారము, ఇంత నేయి. అన్నముమీద ఎవరికిని కోపము లేదు. కాని మిగిలినవి ఎక్కడికి పోయినవి?

తల్లిపాలలో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే. ఆ నీరు ఎక్కడనుండి రావలెను? ఆమె త్రాగిన నీటినుండియే గదా! ఇక బలము మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశస్థుల ఆహారమునే పరిశోధించుటకై ఏర్పడినది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. గర్భిణికి రోజుకు అదనముగా 350 కేలరీలును, బిడ్డ పుట్టిన మొదటి ఆరునెలలు పాలిచ్చు తల్లికి 600 కేలరీలును కావలెనని ఆ సంస్థ నిర్ణయించినది. అనగా మామూలుగా తిను తిండికి తోడు ఇంచుమించు మరియొక పూట భోజనము. మనమో, ఉన్న భోజనములోనే సగము తీసివేయుచున్నాము. తీసివేయువారు ఎవరో పగవారు కారు. తొమ్మిది నెలలు ఆమె రాకకై ఎదురుచూచి, పురిటికి పిలుచుకొని వచ్చిన కన్నతల్లియే.

ఆకుకూర మాట మరికొంత చెప్పవలసి యున్నది. 1928 తరువాత బొంబాయి నగరములో మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పరిశీలించెను. ఈస్టు సారమునందున్న ఏదియో ఒక పదార్థము ఆ జబ్బును నయము చేయుచున్నదని ఆమె కనుగొనెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని పిదప తేలినది. ఆ పేరునకు మూలమైన లాటిన్ పదమునకు ఆకు అని అర్థము. ఆకులలో సమృద్ధిగా నుండుటచేతనే ఆ పేరు వచ్చినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న స్ప్రూ అను పోషకలోపపు వ్యాధితో మరణించెను. ఒక తెలుగువాడు సముద్రములు దాటి ఆకులోని సత్తువను సీసాలో పట్టి ప్రపంచమున కిచ్చెను. తెలుగింటి బాలింతకు మాత్రము ఆ ఆకు నేటికిని నిషిద్ధము. గర్భిణులకు ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఇనుప మాత్రలు మ్రింగినచో బిడ్డ నల్లగా పుట్టునని చూరులో దాచిపెట్టువారును మనలో ఉన్నారు. బిడ్డ రంగు తల్లిదండ్రుల పోలికనుబట్టి వచ్చును గాని మాత్ర రంగునుబట్టి రాదు.

ముర్రుపాల కథ ఇంకను విచిత్రమైనది. కాన్పైన మొదటి రెండు మూడు దినములు వచ్చు చిక్కని పసుపుపచ్చ పాలు 'చెడుపాలు' అని పిండి పారబోయు ఆచారము మన ప్రాంతమున చాలకాలము సాగినది, నేటికిని పూర్తిగా పోలేదు. వానికి బదులు తేనె నాకింతురు, ఆముదపు చుక్క వేయుదురు. వీథిలో గాడిదను తోలుకొని వచ్చువానిని నిలిపి ఉగ్గుగిన్నెడు గాడిదపాలు కొని త్రాగింతురు, ఉబ్బసము రాదట. అయ్యా, అదే ఇంటిలో ఆవు ఈనినచో జున్నుపాల కొరకు ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకొని వత్తురు గదా! జున్నుపాలనగా ఆవు ముర్రుపాలే గదా! దూడకు దక్కవలసినది మనకు అమృతము, మన బిడ్డకు దక్కవలసినది మాత్రము కుళ్ళు! ఆ మొదటి పాలలో రోగములనెదిరించు రక్షక పదార్థములు మెండుగా నుండునని, పుట్టిన గంటలోపలనే బిడ్డకు పట్టవలెనని, ఆరునెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మంచినీరైనను పోయనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట వలన ప్రాణాపాయకరమైన ఒక విషవ్యాధి కలుగవచ్చునని కూడ వైద్యులు హెచ్చరించుచున్నారు. తేనె పెద్దలకు మంచిదే. పసిగుడ్డు ప్రేగులకు ఆ క్రిమిని అణచు శక్తి యింకను రాదు.

శరణబంధువులకు ఇచ్చట మరియొక ప్రశ్న గలదు. లింగధారులకు పంచసూతకములు లేవని మన సిద్ధాంతము. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి, ఈ అయిదింటివలన మైల లేదని పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడును ఆయన వెంటనున్న శరణులును నడచి చూపిరి. సభలలో ఈ మాట మనము గర్వముగా చెప్పుకొందుము. కాని పురిటిగదిలోనికి తొంగిచూచినచో, మైల పేరు పోయి పథ్యము పేరు వచ్చినది. బాలింత మూల మంచము మూలనే ఉన్నది, కిటికీ మూసియే ఉన్నది, దప్పికైనను చెంబు అందుబాటులో లేదు. సూతకము లేదన్నవారి ఇంటిలో సూతకపు శిక్ష మాత్రము ఏల మిగిలినది? నేనీ ప్రశ్న ఒకరిద్దరు పెద్దలనడిగితిని. "అది ఆచారము కాదు మాస్టారూ, ఆరోగ్యము" అనిరి. ఆరోగ్యమైనచో మంచిదే. అప్పుడది ఆచారమువలె గాక ఆరోగ్యమువలె పరీక్షకు నిలువవలెను.

ఇంకొకటి గమనింపుడు. ఈ నిషేధములెప్పుడును ఎవరి పళ్ళెములో వచ్చి పడును? బాలింత పళ్ళెములో, గర్భిణి పళ్ళెములో, కొత్తకోడలి పళ్ళెములో, మాటలు రాని బిడ్డ నోటిలో. ఇంటి యజమానికి మధుమేహమున్నను మిఠాయి ముట్టవద్దని గట్టిగా చెప్పువారుండరు. ఎదురు చెప్పలేనివారికే పథ్యములెక్కువ. చెప్పిన మాటకు మూల్యము చెప్పినవారు చెల్లింపరు, విన్నవారు చెల్లింతురు. మేలు కోరి చెప్పితిమను సమాధానము చాలదని నేననుటకు మొదటి కారణమిదే. మన మాటకు మరియొకరు ఉపవాసముండవలసి వచ్చినపుడు, ఆ మాట నిజమో కాదో తెలిసికొను శ్రమ మనమీద పడును.

"మేమందరము ఇట్లే పెరిగితిమి గదా, మాకేమైనది?" అని అవ్వలడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము, ఏలయన అడుగుచున్న అవ్వ మన కన్నులయెదుట ఆరోగ్యముగా కూర్చుండియున్నది. కాని పెరుగనివారు వచ్చి సాక్ష్యము చెప్పరు గదా! 1971లో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకయే చనిపోయిరి. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగినది. ఆ నాటి అవ్వను మెల్లగా అడిగినచో, "ఇద్దరు పోయినారు నాయనా, దేవుడిచ్చిన ఆయువు అంతే" అనును. ఆ మరణములన్నియు పథ్యమువలననే అని నేననుట లేదు. పేదరికము, మంచినీటి కరవు, టీకాలు లేకపోవుట, వైద్యుడు దూరముండుట, ఇవన్నియు కారణములే. బ్రదికినవారిని మాత్రమే లెక్కించి ఆచారమును మెచ్చుకొనరాదని మాత్రమే నా మనవి.

"లంఖణము పరమౌషధము" అను సామెతను తీసికొనుడు. అజీర్తి చేసిన పెద్దవానికి ఒక పూట కడుపు మాడ్చుట హాని కాదు, ఒక్కొక్కప్పుడు సుఖమే. సామెత పుట్టినది అట్టి సందర్భముననే కావచ్చును. కాని ఆ మాటనే పట్టుకొని, వాంతులు విరేచనములతో వాడిపోవుచున్న ఏడాది బిడ్డకు పాలు, నీరు, గంజి అన్నియు మాన్పించినచో? "పోసినదంతయు క్రిందికే పోవుచున్నది, పోయుట మానుడు" అను తర్కము పైకి సరియైనదిగానే కనబడును. చిల్లికుండలో నీరు పోయరాదని మన బుద్ధి. బిడ్డ కుండ కాదు. విరేచనములు బిడ్డను చంపుట క్రిములచే కంటె నీరును ఉప్పును కోలుపోవుటచే ఎక్కువ.

ఇచ్చట 1971 నాటి ఒక సంగతి చెప్పకుండ ఉండలేను. బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలులోనికి వచ్చిరి. సరిహద్దున బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేలమీదనే పడియుండిరి. నరములకెక్కించు సెలైన్ నిల్వలు అయిపోవచ్చెను. దిలీప్ మహాలనబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతికే గిన్నెలిచ్చి త్రాగింపుమనెను. నూటికి ముప్పదివరకు ఉన్న మరణములు నాలుగుకు లోపల దిగినవి. దీని వెనుకనున్న రహస్యము చిన్నది. ప్రేగుగోడలో గ్లూకోజు లోనికి పోవునపుడు ఉప్పులోని సోడియమును తోడు తీసికొని పోవును. ఆ రెంటివెంట నీరు పోవును. జబ్బులో కూడ ఈ ద్వారము మూసికొనదు. అందుచే ఉప్పు మాత్రమే పోసినను చాలదు, వట్టి నీరు పోసినను చాలదు, రెండును చక్కెరతో కలిసి పోవలెను. 1978లో లాన్సెట్ అను ఇంగ్లండు వైద్యపత్రిక, ఈ శతాబ్దమున వైద్యమునందలి అత్యంత ముఖ్యమైన ముందడుగు బహుశః ఇదియే కావచ్చునని వ్రాసినది. ఆ వైద్యుడు 2022లో కాలము చేసెను. మరుసటి ఏడు ప్రభుత్వము పద్మవిభూషణ్ ప్రకటించెను.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, రెండును చెంచా అంచుకు సమముగా కొలిచి కలుపవలెను. ఆసుపత్రి పొట్లము దొరికినచో అదియే మేలు. పాలిచ్చుట, మెత్తని అన్నము పెట్టుట మానరాదు. ఇంత సులభమైన సంగతి, ఏబది ఏండ్లు గడచినను, కొన్ని ఇండ్ల గడప దాటి లోనికి పోలేకున్నది.

అజ్ఞానము పల్లెటూరి అవ్వల సొత్తు అనుకొనుట మరియొక భ్రమ. అట్టపెట్టెలలో తియ్యని పండ్లరసము పోసి, దానిమీద ఓఆర్‌ఎస్ అని అచ్చువేసి మందులషాపులలోనే అమ్మిరి. చదువుకొన్న తల్లులే కొని బిడ్డలకు పట్టిరి. చక్కెర మితిమీరినచో విరేచనములు తగ్గుటకు మారు హెచ్చును. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీనిపై పోరాడగా, 2025 అక్టోబరులో భారత ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ అట్టి పానీయముల పేర్లలో ఆ మూడక్షరములు వాడరాదని ఆదేశించినది. అవ్వ చెప్పిన తప్పునకు ప్రేమ కారణము. ఈ తప్పునకు కారణమేమో పాఠకులే ఊహింతురు గాక.

ఇక పచ్చకామెర్లు. మన జిల్లాలో ఈ జబ్బుకు ఆకుమందు ఇచ్చు ఊళ్ళకు కొదువ లేదు. పరగడుపున ఆకుముద్ద, తరువాత ఉప్పు నూనె లేని చప్పిడి మజ్జిగన్నము. వారము పది దినములలో కన్నులు తెల్లబడును. మందు పనిచేసినది! ఇందులో చిక్కొకటి గలదు. కలుషితమైన నీటివలన వచ్చు సాధారణమైన కామెర్లు చాలమందికి ఏ మందును లేకయే కొన్ని వారములలో తగ్గిపోవును. తనంతట పోవుదానిని పోగొట్టితిమని ఎవ్వరైనను చెప్పుకొనవచ్చును. కోడి కూసినందున తెల్లవారెననుట వంటిదిది. కాని పసుపుపచ్చ కన్నులు ఒకే జబ్బుకు గుర్తు కాదు. పిత్తాశయములో రాయి అడ్డుపడినను, హెపటైటిస్ బి వచ్చినను, ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరమునను కన్నులు పచ్చబడును. నెలలు నిండిన గర్భిణికి నీటివలన వచ్చు హెపటైటిస్ ఇ ప్రాణాంతకము కావచ్చును. అట్టివారు ఆకుముద్దతో పోగొట్టుకొను పది దినములు తిరిగి రావు.

అట్లని ఆకును వెక్కిరించుట నా ఉద్దేశము కాదు. వెక్కిరించువారిని చూచినను నాకు సంతోషము లేదు. మనకు మూడు గంటల ప్రయాణములోనున్న మద్రాసులోనే త్యాగరాజన్ మొదలగు శాస్త్రజ్ఞులు నేల ఉసిరిని తీసికొని, హెపటైటిస్ బి క్రిమి ఒంటిలో నిలిచియున్నవారికి కొందరికి ఆకుపొడిని, కొందరికి ఏ గుణమును లేని పొడిని ఇచ్చి పరీక్షించిరి. 1988లో ఫలితములను లాన్సెట్‌లో ప్రకటించిరి. ఆకు తిన్నవారిలో సగముకు పైగా క్రిమి గుర్తు పోయినదని తేలినది. నోబెల్ బహుమానమందిన బ్లంబర్గ్ గారు కూడ ఆ వ్యాసకర్తలలో ఒకరు. ఎంత సంతోషము! కాని తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. ఆశ నెరవేరనందుకు విచారమే. అయినను ఆకునకు జరిగిన గౌరవమది. పరీక్షించుట కంటె ఎక్కువ గౌరవము ఒక మందునకు మరియొకటి లేదు. 'మన పూర్వులది' అని పరీక్ష లేక నమ్ముటయు, 'నాటుది' అని పరీక్ష లేక త్రోసివేయుటయు రెండును సోమరితనములే.

2021 మే నెలలో కృష్ణపట్నము జరిగినది. నాడు మా నాయుడుపేటయు నెల్లూరు జిల్లాలోనిదే. కరోనా రెండవ ఉప్పెన ఉధృతముగా ఉన్నది, ఆసుపత్రులలో మంచములు లేవు, ప్రాణవాయువు లేదు. ఆనందయ్య గారు మూలికల మందును పైకము పుచ్చుకొనక పంచుచుండగా వేలాది జనము ఆ చిన్న ఊరి దారి పట్టిరి. మే 21న ఆ రద్దీ చూచి పంపిణీని ఆపివేసిరి. ఆయుష్ శాఖవారు పరీక్షించి, హానికరము కాదు గాని ఆయుర్వేద ఔషధముగా గుర్తింపలేమనిరి. మే 31న రాష్ట్ర ప్రభుత్వము కంటిచుక్కలను మినహాయించి మిగిలినవానికి అనుమతి ఇచ్చెను. కరోనాను ఆ మందు తగ్గించునని నిర్ధారణ ఏదియు వెలువడలేదు.

నాకు ఆయన ఉద్దేశమునందు సందేహము లేదు. మూల్యము తీసికొనక ఇచ్చినది దాసోహమువంటిదే గదా అని మనవారు పలువురనిరి. ఇక్కడనే నేను ఆగి ఆలోచించితిని. దాసోహములో పెట్టు అన్నము ఉడికినదో లేదో చూడకయే వడ్డింతుమా? ఉచితము గదా అని పురుగుపట్టిన బియ్యము వండుదుమా? జంగమునకు సమర్పించునది శుద్ధముగా ఉండవలెనని మనము పడు జాగ్రత్త, రోగికి ఇచ్చుదానియందు రెట్టింపు ఉండవలెను. ఉచితమగుట పరీక్షను మాన్పజాలదు. అంతకు ముందటి ఏడు, 2020 ఏప్రిల్‌లో, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున ఫోనులో వచ్చిన వీడియోను నమ్మి రెండు కుటుంబములవారు ఉమ్మెత్త గింజల రసము త్రాగి ఆసుపత్రి పాలైరి. ఆ వీడియోను పంపినవారు కూడ ఒక్క పైసా తీసికొనలేదు.

మన పక్షముననున్న భ్రమను విడిచి ఇతరులవి మాత్రమే చెప్పుట న్యాయము కాదు. శాకాహారము తినువారికి జబ్బులు రావని మనలో కొందరనుకొందురు. శాకాహారము దయకు సంబంధించిన వ్రతము. దయకు ప్రతిఫలముగా ఆరోగ్యము దానంతట రాదు. బి12 అను విటమిను మొక్కలలో లేదు. పాలు, పెరుగు, మజ్జిగ చాలినంత తీసికొనని శాకాహారికి అది లోపించి, కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కుట, మతిమరపు, రక్తహీనత కలుగవచ్చును. కూరలలోని ఇనుము మాంసములోని ఇనుమువలె సులభముగా ఒంటబట్టదు. నిమ్మకాయ పిండుకొనిన కొంత మేలు. భోజనము కాగానే టీ త్రాగిన ఆ కొంతయు పోవును. పూజ్యులు, వృద్ధులు దీనిని గమనింపవలెనని కోరుచున్నాను. 'దేహమే దేవాలయము' అని చెప్పువారము దేవాలయమునకు మరమ్మతు అక్కరలేదనుట ఎట్లు?

దోషమును తూచునపుడు అందరిని ఒకే తక్కెడలో పెట్టరాదు. నూరేండ్ల క్రిందట ముర్రుపాలు పిండివేయించిన ముత్తవ్వకు తెలిసికొను దారి లేదు. ఆమెయందు దోషము చూచువాడు కఠినుడు. నేడు ఊరిలో ఆశా కార్యకర్త ఉన్నది, అంగన్వాడీ ఉన్నది, అడిగినచో చెప్పు నర్సమ్మ ఉన్నది. తెలిసికొనదగిన చోట తెలిసికొనకుండుట వేరు. ఇక పదిమంది తన మాట వినుదురని తెలిసినవాడు, అనగా ఉపాధ్యాయుడు, అయ్యవారు, మఠాధిపతి, చదువుకొన్న కొడుకు, వీరి మాటకు బరువు మరింత వేరు. వీరిలో ఎవరైనను "ఏమో, పెద్దలన్నారు" అని తప్పించుకొనజాలరు. పెద్దలు వీరే.

సత్యమును కఠినముగా చెప్పినచో వినువారు చెవులు మూసికొందురనునది కూడ నిజము. అవ్వను మూఢురాలని కోడలి యెదుట అవమానించి గెలిచిన వాదమువలన బాలింతకు గ్లాసెడు నీరు కూడ ఎక్కువ దొరకదు. అవ్వ చేతులతోనే ఆ నీరు ఇప్పింపవలెను. "అవ్వా, పాలు చాలడము లేదంటున్నది, ఆవుకు కుడితి పెట్టకుంటే పాలిస్తుందా?" అని అడిగి చూడుడు. ఆవు సంగతి ఆమెకు మనకంటె బాగుగా తెలియును.

కామెర్ల మందు ఏ ఊరిలో ఇత్తురో చెప్పుమని నా పాత విద్యార్థులు నేటికిని బడి గేటుకడకు వచ్చి అడుగుదురు. దారి నాకు తెలియును. ముందు ప్రభుత్వాసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించి, ఆ కాగితము తెచ్చి చూపుము, తరువాత మాటలాడుదమని పంపుచున్నాను. కొందరు కాగితముతో తిరిగి వత్తురు. కొందరు తల యూపి, ఆ ప్రక్కనే నిలిచిన ఆకుమందు ఊరి బస్సెక్కుదురు.